సూదీ దారం: కాగితం మాట వినాలా, కంటి మాట వినాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బొంత కుట్టే గుడ్డ ముక్కల్లో ఏది ముదురు, ఏది లేత అన్న గోలే. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

అమ్మగారూ, నమస్కారం. మా అమ్మ నూలు చీరలన్నీ దాచి ఉంచాను. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకోసం ఆ చీరలతో లాగ్ క్యాబిన్ బొంత కుడుతున్నాను. అంటే మధ్య గడి చుట్టూ పీలికలు, ఒక సగం ముదురువి, ఒక సగం లేతవి, కుట్టుకుంటూ పోయి చదరాలు (బ్లాకులు) చేసి కలపడం. ముదురు, లేత వేరు చేయడానికి ఎర్ర ఫిల్టర్‌లోంచి చూడాలని ఎవరో చెబితే, స్టేషనరీ షాపులో ఎర్ర జిలాటిన్ పేపరు కొనుక్కొచ్చి పీలికల్ని రెండు కుప్పలు చేశాను. పేపరులోంచి ఎరుపు, రాణి రంగు పీలికలు తెల్లగా మెరిశాయని లేత కుప్పలో వేశాను. నాలుగు బ్లాకులు కుట్టి పక్కపక్కన పరిచి చూస్తే, ఐమూలగా రావలసిన గీత ఎక్కడా లేదు. అంతా కలగాపులగంగా ఉంది. పేపరును నమ్మాలా, నా కంటినా?
— ఒక పాఠకురాలు, తెనాలి

మీ కంటినే నమ్మండమ్మా. ఎర్ర పేపరును ఎరుపు గురించి మాత్రం అడగకూడదు.

ఆ పేపరు ఎర్రటి వెలుగును రానిచ్చి, తక్కిన రంగుల్ని చాలావరకు ఆపేస్తుంది. తెల్ల పంచె మీదనుంచి వచ్చే వెలుగులో ఎరుపు నిండుగా ఉంటుంది. ఎర్ర చీర మీదనుంచి వచ్చే వెలుగులోనూ ఉంటుంది. రెండూ పేపరు దాటుకుని వచ్చేస్తాయి కాబట్టి రెండూ ఒకేలా లేతగా కనిపిస్తాయి. రాణి రంగు, కనకాంబరం, ఇటుక రంగు, దొండపండు ఎరుపు, ఇవన్నీ అలా పైకి తేలిపోతాయి. సీసా ఆకుపచ్చలోనూ నేవీ బ్లూలోనూ ఎరుపు దాదాపు ఉండదు కాబట్టి అవి నల్లబడతాయి. చిలకాకుపచ్చ కూడా ఉన్నదానికంటే ముదురుగానే దిగుతుంది.

ఇంట్లో పెడన అద్దకం కలంకారీ ముక్క ఏదైనా ఉంటే ఒకసారి ఆ పేపరు కింద పెట్టి చూడండి. మీగడ రంగు నేల మీద ఎర్ర పూలు ఉన్నది తీసుకోండి. పూలు మాయమైపోతాయి. వాటి చుట్టూ ఉన్న నల్ల గీతలు మాత్రం ఖాళీ రేకుల్లా నిలబడి ఉంటాయి. ఆకుల్లో నీలం ఉంటే అవి నల్లమచ్చలవుతాయి. మీ లేత కుప్పలోకి ఎర్ర పీలికలు ఎలా చేరాయో ఆ ఒక్క ముక్క చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. ఆకుపచ్చ జిలాటిన్ పేపరు కూడా ఒకటి తెచ్చుకోండి. షాపుల్లో దొరికేది పలచగా ఉంటుంది, రెండు మూడు మడతలు వేస్తే గానీ రంగు పూర్తిగా అణగదు. ముందు మీ పీలికల్లో ఎరుపు వంశం వాటన్నింటినీ, అంటే రాణి, కనకాంబరం, ఇటుక, మెరూన్‌తో సహా, పక్కకు తీయండి. వాటిని ఆకుపచ్చ పేపరుతో వేరు చేయండి. మిగిలిన నీలాలు, ఆకుపచ్చలు, బూడిద రంగులు, గంధం, వీటికి మీ ఎర్ర పేపరే చాలు. తేడా తిరగబడుతుందని గుర్తుంచుకోండి: ఆకుపచ్చ పేపరులో ఎర్రవి ఉన్నదానికన్నా ముదురవుతాయి, ఆకుపచ్చలు లేతవుతాయి. అందుకని ఒక పేపరుతో చూసిన పీలికను రెండో పేపరుతో చూసినదానితో ఎప్పుడూ పోల్చకండి. ఆ రెండు జట్ల మధ్య సంబంధం కుదర్చవలసింది మీ కన్నే.

నేను డ్రాయింగు టీచరుగా ఉన్నన్నాళ్లూ పిల్లలకు మొదటి పాఠంగా చెప్పినది ఇదే: కళ్లు సగం మూసి చూడండి. రెప్పల సందులోంచి చూసినప్పుడు పువ్వు, గీత, అంచు అన్నీ మసకబారి ముదురు, లేత మాత్రమే మిగులుతాయి. ఏ కాగితం కొనుక్కున్నా చివరి తీర్పు దీనిదే. పీలికల్ని మంచం మీద వంగి చూడకండి. పాత దుప్పటి ఒకటి గోడకు కట్టి, దానికి గుండుసూదులతో గుచ్చి, గది అవతలి మూలకు వెళ్లి చూడండి.

ఇక అసలు చిక్కు రాణి రంగుది. అది ముదురూ కాదు, లేతా కాదు, నడిమిది. గంధం పక్కన పెడితే ముదురు, నేవీ పక్కన పెడితే లేత. ఈ గొడవ ఇప్పటిది కాదు. పారిస్‌లో గోబెలాన్ అనే ప్రసిద్ధమైన నేత కార్ఖానాకు 1824లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త రంగుల విభాగం అధికారిగా వచ్చాడు. నల్లదారం తగినంత నల్లగా రావడం లేదని ఫిర్యాదు ఉండేది. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన నీలం, ఊదా రంగులే ఆ నలుపును చంపేస్తున్నాయని తేలింది. పక్క రంగు పక్క రంగును ఎలా మారుస్తుందో ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. ఒక్క పీలికను చేతిలో పట్టుకుని ఇది ముదురా, లేతా అని ఏ ఫిల్టరుతో అడిగినా సగం జవాబే వస్తుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మీ బొంతలో రాణి, ఎరుపు మొత్తాన్నీ ముదురు వైపుకే మార్చేయమంటాను. కొన్ని అటు, కొన్ని ఇటు పెట్టొద్దు. అయితే వాటిని మధ్య గడికి దగ్గరగా, పొట్టి పీలికలుగా వాడండి. లాగ్ క్యాబిన్‌లో బయటికి వచ్చేకొద్దీ పీలిక పొడవు పెరుగుతుంది, దూరం నుంచి కంటికి తగిలేవి ఆ పొడవాటివే. అక్కడ ముదురు వైపు నేవీ, సీసా ఆకుపచ్చ, వంకాయ రంగు, లేత వైపు గంధం, ఉల్లిపొర, తెలుపు ఉండి తీరాలి. అప్పుడు ఐమూల గీత కత్తితో కోసినట్టు వస్తుంది. ఈ కుట్టు 1860ల నుంచి అమెరికాలో ఇంటింటా పాకింది. మధ్య గడిని ఎర్రగా పెట్టడం అక్కడ ఆనవాయితీ, ఇంట్లోని పొయ్యికి గుర్తు అంటారు. మీ అమ్మగారి చీరల్లో మంచి ఎరుపు ఉంటే అన్ని బ్లాకుల నడుమా అదే పెట్టండి. కుట్టేసిన నాలుగు బ్లాకుల్ని విప్పొద్దు. వాటిని బొంత అంచుల్లోకి సర్దండి. కొత్తవి కుట్టాక అన్నీ పరిచి, ఒక్కో బ్లాకును తిప్పుకుంటూ చూడండి. గీతలన్నీ ఒకే వాలున, నాగలి చాళ్లలాగా వచ్చే అమరిక చంటిబిడ్డ బొంతకు ఎంతో అందం.

పాత చీరలు కాబట్టి ఇంకొక్క మాట. ఉతికి ఉతికి పలచబడ్డ లేత రంగు నూలు, కింద ఏముంటే దాన్ని పైకి చూపిస్తుంది. మనవాళ్లు బొంత లోపల పాత చీరలే పొరలుగా వేస్తారు కదా, లోపల నేవీ చీర ఉంటే పైన గంధం రంగు కాస్తా బూడిద అవుతుంది. పై పొరకు ఆనుకుని తెల్ల పంచె ఒకటి వేయండి. అతుకు వెనక మిగిలిన గుడ్డను ఎప్పుడూ ముదురు పీలిక వైపుకే మడిచి ఇస్త్రీ చేయండి. పీలికల్ని వేరు చేసేటప్పుడు కూడా ఒంటి పొరను టేబులు మీద కాకుండా తెల్ల కాగితం మీద పరిచి చూడండి.

మేడమ్, నేను పేపర్ల జోలికి పోకుండా ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీసుకుంటున్నాను. కానీ ఒకే గుడ్డ ఒక ఫొటోలో లేతగా, ఇంకో ఫొటోలో ముదురుగా వస్తోంది. పిల్లలు పడుకున్నాక రాత్రిపూట హాల్లో చిన్న లైటు కింద చేసుకుంటాను ఈ పని. ఫోన్ మార్చాలా?
— ఒక పాఠకురాలు, డాలస్

ఫోన్ మార్చక్కర్లేదమ్మా, లైటు మార్చండి. ఫొటోలు విడివిడిగా తీయడం మానండి.

కెమెరా తన ముందున్నది ఏదైనా దాన్ని నడిమి వెలుగుకు తేవాలని చూస్తుంది. ముదురు గుడ్డ ఒక్కటే చూపిస్తే వెలుగు పెంచుతుంది, లేతది ఒక్కటే చూపిస్తే తగ్గిస్తుంది. అందుకని అన్ని ముక్కలూ ఒకే ఫొటోలో పడాలి. ఒక పక్కన తెల్ల కాగితం, ఇంకో పక్కన నల్ల గుడ్డ ఉంచండి. రెండు ఫొటోలు తప్పనప్పుడు ఆ తెలుపు, నలుపు రెండిట్లోనూ ఒకేలా వచ్చాయో లేదో చూసి పోల్చుకోవచ్చు.

యాప్‌లలోనూ తేడాలుంటాయి. 1953లో అమెరికాలో రంగుల టీవీకి అనుమతి ఇచ్చినప్పుడు, నలుపు తెలుపు సెట్లు ఉన్నవాళ్లకూ బొమ్మ సరిగ్గా కనబడాలని ఒక లెక్క పెట్టారు: వెలుగులో వందకు 59 పాళ్లు ఆకుపచ్చది, 30 ఎరుపుది, 11 నీలానిది. మన కంటి తీరుకు దగ్గరగా ఉండే లెక్క అది. కన్ను పగటిపూట పసుపు కలిసిన ఆకుపచ్చకే అన్నిటికన్నా ఎక్కువ స్పందిస్తుంది, నీలానికి తక్కువ. కొన్ని యాప్‌లలో శాచురేషన్‌ను, అంటే రంగు గాఢతను, సున్నాకు లాగితే మాత్రం ఈ లెక్క పాటించకుండా రంగును చదును చేసేస్తాయి. పరీక్ష సులువు. పచ్చటి పసుపు ముక్క, నిండు నీలం ముక్క పక్కపక్కన పెట్టి తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో వస్తే ఆ యాప్ మనకు పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యం, మసక వెలుతురులో ఎరుపును, నీలాన్ని పోల్చకండి. వెలుగు తగ్గేకొద్దీ ఎర్రవి మన కంటికి నల్లబడిపోతాయి, నీలాలు తేటపడతాయి. పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త 1825లో రాసిన సంగతి ఇది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పీలికలు కత్తిరించడం, ఇస్త్రీ చేయడం రాత్రికి పెట్టుకోండి. ముదురు లేతలు తేల్చే పని మాత్రం సెలవురోజు పొద్దున, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చేసుకోండి.

మా దగ్గర జాకెట్ల కోసం కొన్న పోచంపల్లి, కలంకారీ బట్టల్లో మిగిలిన ముక్కలు చాలా ఉన్నాయి. వాటితో మూడు ముఖాల పెట్టెల్లా కనిపించే టంబ్లింగ్ బ్లాక్స్ కుట్టాను. పెట్టెలు లేచి కనిపించడం లేదు. ముక్కలోనే తెలుపు, నలుపు రెండూ ఉంటే దాన్ని ఏ కుప్పలో వేయాలి?
— ఒక పాఠకురాలు, సిద్దిపేట

పెట్టె లేచి నిలబడేది కేవలం ముదురు, నడిమి, లేత అనే మూడు మెట్ల వల్ల. రంగులు ఏవైనా సరే, ఆ మూడూ ప్రతి పెట్టెలోనూ ఒకే దిక్కున ఉండాలి. మీరు పెద్ద ముక్కను చూసి కుప్ప నిర్ణయించి ఉంటారు. దానిలోంచి పెట్టె ముఖానికి చిన్న డైమండ్ ముక్క కోశాక అందులో ఏ భాగం పడిందన్నదే లెక్క. ఒకే ఇక్కత్ లోంచి తీసిన రెండు డైమండ్లలో ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉండవచ్చు. అట్టముక్కలో మీ డైమండ్ కొలతకు కిటికీ కోసి, దాన్ని గుడ్డ మీద జరుపుతూ చూడండి. కిటికీలో కనిపించినదాన్ని బట్టి కుప్ప నిర్ణయించండి. కిటికీలో తెలుపు, నలుపు సరిసమానంగా పడే చోటును అసలు కోయకండి. ఈ కుట్టుకు సన్నని అద్దకం, సాదా గుడ్డ మేలు.

నడిమి రంగు కరువైతే అద్దకం కలంకారీని తిరగేసి వాడండి, వెనక వైపు రంగు ఒక మెట్టు తగ్గి ఉంటుంది. పోచంపల్లిలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ నూలుకే రంగు పట్టించి నేస్తారు, రెండు వైపులా ఒకటే. మీ ముక్కల్లో తేలియా రుమాలు తరహావి ఉంటే, ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు కదా, ఎర్ర పేపరులో ఎరుపు, తెలుపు ఏకమైపోతాయి, ఆకుపచ్చ పేపరే పట్టుకోండి. చీరాలలో మొదలై పుట్టపాకలో నిలిచిన అసలైన చేనేత తేలియా మీ దగ్గర ఉంటే మాత్రం దయచేసి కత్తెర పెట్టకండి. నూనెలో, బూడిద నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి చేసిన గుడ్డ అది.

నాకు అరవై ఎనిమిదేళ్లు. కంట్లో శుక్లాలు మొదలయ్యాయన్నారు. నేవీ, నలుపు, వంకాయ రంగు ఒకేలా కనిపిస్తున్నాయి. ఫిల్టర్ ఏమైనా సాయం చేస్తుందా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

చేయదమ్మా. శుక్లం వచ్చిన కంటి కటకం పసుపు తిరిగి నీలం వెలుగును లోపలికి రానివ్వదు. దానికి తోడు ఇంకో రంగు కాగితం అడ్డం పెడితే ఇంకా చీకటి అవుతుంది. చిత్రకారుడు మోనే కూడా ఈ బాధే పడి, 1923లో కుడి కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. మీ డాక్టరుగారిని అడిగి చేయించుకునే వేళ నిర్ణయించుకోండి. ఈలోగా మంచి వెలుతురులో ఫోన్ ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూడండి. మనవలెవరైనా ఇంట్లో ఉంటే ఒక్క పూట కూర్చోబెట్టుకుని, నేవీకి ఒక ముడి, నలుపుకు రెండు ముళ్లు, వంకాయ రంగుకు మూడు ముళ్లు వేసిన దారం ప్రతి ముక్కకూ గుచ్చించుకోండి. ఆ తర్వాత ఎవరినీ అడగకుండా వేళ్లతోనే తెలుసుకుని కుట్టుకోవచ్చు.