గోడ మీది పెద్ద సాలీడు, పిల్లవాడి మెడ మీద బొబ్బలు

ప్రశ్న: వర్షాలు మొదలైనప్పటి నుంచి మా వంటింటి గోడ మీద రాత్రిళ్లు అరచేయంత సాలీడు తిరుగుతోంది. మొన్న చూస్తే పొట్ట కింద రూపాయి బిళ్లలాంటి తెల్లటిదేదో పట్టుకొని ఉంది. రెండు రోజులకు మా మనవడి మెడ మీద గీత గీసినట్టు కంది బొబ్బలు లేచాయి. సాలీడు పాకిందని అందరూ అంటున్నారు. విషమున్న సాలీళ్లను గుర్తుపట్టడం ఎలా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ముందు పిల్లవాడి సంగతి చెబుతాను. సాలీడు ఒంటి మీద పాకినంత మాత్రాన చర్మం పొక్కదు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది పేడెరస్ అనే పురుగు వల్ల వచ్చినదై ఉండవచ్చు. చీమను పోలి, నలుపు, నారింజ రంగు పట్టీలతో ఉండే ఈ పురుగు వానాకాలం రాత్రుల్లో దీపం వెలుగుకు ఇళ్లలోకి వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు మనం చేత్తో రుద్ది నలిపేస్తే, దాని ఒంట్లోని ఘాటైన రసాయనం అంటుకొని, ఒకటి రెండు రోజుల్లో ఆ రుద్దిన దారి వెంటే మంట, బొబ్బలు వస్తాయి. అందుకే అవి గీతలా కనిపిస్తాయి. అది వాలితే నలపకుండా ఊదేసి, ఆ చోటును వెంటనే సబ్బుతో కడగాలి. బాబును చర్మవైద్యుడికి చూపించండి. ఆ చేత్తో కళ్లు నలుపుకోకుండా చూడడం మరీ ముఖ్యం.

ఇక మీ వంటింటి సాలీడు. గూడు కట్టకుండా, పగలు అటకల మీద, తలుపుల వెనక దాగి, రాత్రి బొద్దింకలను వేటాడే చదునైన గోధుమరంగు సాలీడు ఇది. ఇంగ్లీషులో హంట్స్‌మన్ అంటారు. ఆ తెల్లటి బిళ్ల దాని గుడ్ల సంచి, అంటే మీరు చూసింది తల్లి సాలీడును. గుడ్లను కాపాడుకోవడానికి అది కరిస్తే నొప్పి, వాపు ఉంటాయి గాని ప్రాణభయం లేదు. వెడల్పు మూతి సీసా బోర్లించి, కింద అట్టముక్క జరిపి పెరట్లో వదిలేయండి. దయచేసి చీపురుతో కొట్టకండి. పైకప్పు మూలల్లో సన్నని పొడవాటి కాళ్లతో వేలాడుతూ, తాకితే గూడుతో సహా ఊగిపోయేవి, గోడల మీద గెంతుతూ ఈగలను పట్టేవి కూడా హాని చేయనివే.

ప్రమాదాన్ని సాలీడు పరిమాణాన్ని బట్టి అంచనా వేయకూడదు. జాగ్రత్త పడవలసిన బ్రౌన్ విడో ఒళ్లు శనగగింజ కంటే పెద్దగా ఉండదు. మన దేశంలో కొన్నిచోట్ల కనిపించిన ఈ సాలీడు పాత కుర్చీల అడుగున, కదపని పూలకుండీల అంచుల కింద చిందరవందరగా గూడు అల్లుతుంది. గుండ్రటి పొట్ట కింద ఢమరుకం ఆకారంలో నారింజ రంగు మచ్చ, ఒళ్లంతా ముళ్లు మొలిచినట్టుండే గుడ్ల సంచులు దాని గుర్తులు. అటువంటి సామాను ఎత్తేటప్పుడు అడుగు చూడకుండా చేయి పెట్టకండి. ఏ సాలీడు కరిచినా నొప్పి పాకుతూ కండరాలు పట్టేస్తున్నా, చెమటలు పోస్తున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీది నంద్యాల గనుక మరొక్క మాట. 1899లో గుత్తి పేరుతో శాస్త్రలోకానికి తెలిసిన నీలిరంగు టరంటులా అనే సాలీడు నిజానికి నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లోని చెట్ల తొర్రలలో బతుకుతుంది. దాని కాటుకు కండరాలు తీవ్రంగా పట్టేస్తాయి, కాబట్టి ముట్టుకోకూడదు. అయితే అది అంతరించిపోయే అంచున ఉన్న జీవి. ఎక్కడైనా కనిపిస్తే చంపకుండా అటవీశాఖకు తెలియజేయండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఇల్లు మారుతున్నాడు. అక్కడి సాలీళ్లు ప్రమాదకరమంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: టెక్సాస్‌లో రెండింటిని గుర్తుంచుకోమనండి. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, పొట్ట కింద ఎర్రటి ఢమరుకం మచ్చ ఉంటే అది బ్లాక్ విడో. వీపు మీద వయొలిన్ లాంటి ముదురు మచ్చతో, కాళ్ల మీద చారలేవీ లేకుండా ఉండేది బ్రౌన్ రెక్లూజ్. ఈ రెండోది అట్టపెట్టెల్లో, మడతపెట్టిన బట్టల్లో, చాలాకాలం తొడగని బూట్లలో దాగుతుంది కనుక సామాను విప్పేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, బూట్లు దులిపి తొడుక్కోవాలి. దాని కాటు మొదట తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత ఆ చోటు నొప్పెట్టి నల్లబడుతుంటే సొంత వైద్యం చేసుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.