బిల్లుపై ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంటే ఊరుకోవాల్సిందేనా?

కొని పన్నెండు రోజులు కాకముందే ఫ్రిజ్ చల్లబడటం మానేసిందనీ, బిల్లు అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్రించి ఉంది కాబట్టి కంపెనీతోనే తేల్చుకోమని దుకాణదారు అంటున్నాడనీ మీరు రాశారు. ఆ వాక్యం చూసి వెనక్కి తగ్గకండి. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తుంది. రంగు నచ్చలేదనో, పక్క దుకాణంలో వెయ్యి తక్కువకు దొరుకుతోందనో తిరిగి ఇస్తానంటే మాత్రం ఈ నిబంధన ఆదుకోదు.

2022లో ఖమ్మంలో నేను కొన్న వాషింగ్ మెషీన్ మూడో వారంలోనే బట్టలు పిండటం మానేసింది. కంపెనీ పంపిన టెక్నీషియన్ వెనక మూత విప్పి, ఏదో బిగించి, నా ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు. ఆలోచించకుండా చెప్పేశాను. అతను గేటు దాటకముందే ‘మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైంది’ అని సందేశం వచ్చింది. సాయంత్రానికి యంత్రం మళ్లీ మొరాయించింది. ఇలా మూడుసార్లు జరిగాక 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేస్తే, వచ్చిన మూడు ఫిర్యాదులూ వినియోగదారుడి అంగీకారంతోనే ముగిశాయని కంపెనీ జవాబిచ్చింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నట్టయింది. హెల్ప్‌లైన్ కంపెనీకి నచ్చజెప్పగలదే తప్ప కోర్టులా ఆదేశించలేదు కాబట్టి ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

నాలుగోసారి టెక్నీషియన్ వచ్చినప్పుడు, ఒక విడత బట్టలు పూర్తిగా ఉతికి పిండేదాకా ఓటీపీ చెప్పనన్నాను. యంత్రం మధ్యలోనే ఆగిపోవడంతో, అతను చేసిన పని వివరాలు రాసే కాగితంపై, అంటే జాబ్ కార్డుపై, ‘సమస్య తీరలేదు’ అని నా చేత్తో రాసి ఫోటో తీసుకున్నాను. అతను విసుక్కున్నాడు గానీ, రోజుకు ఇన్ని ఫిర్యాదులు మూసెయ్యాలని పైనుంచి ఒత్తిడి ఉండే ఉద్యోగిని తప్పుపట్టి లాభం లేదు. నా చేతిలో ఉన్నవాటిలో చివరికి అక్కరకొచ్చింది ఆ ఒక్క కాగితమే.

ఆ తర్వాత దుకాణానికీ కంపెనీకీ పదిహేను రోజుల గడువుతో చెరొక ఉత్తరం పంపి, పోస్టాఫీసు రశీదులు దాచాను. దుకాణం జవాబివ్వలేదు, కంపెనీ మళ్లీ టెక్నీషియన్‌ను పంపుతామంది. జనం ఇప్పటికీ ఫోరం అనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేశాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు కాబట్టి నేనే రాసుకున్నాను. మీరు హైదరాబాద్‌లో కొని వేరే జిల్లాలో ఉంటున్నా, మీరు నివసించే చోటే వేయవచ్చు. ఇప్పుడు వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి.

నోటీసులు అందాక దుకాణదారు స్వయంగా ఫోన్ చేసి, కొత్త యంత్రం, ఖర్చులకు మూడు వేలు ఇస్తాం, కేసు వెనక్కి తీసుకోమన్నాడు. రాజీని రాతపూర్వకంగా కమిషన్ ముందు పెట్టి, యంత్రం ఇంటికి చేరాకే ఉపసంహరించుకున్నాను.

మీకు ఇచ్చింది సరైన బిల్లా, లేక జీఎస్టీ తప్పించేందుకు రాసిచ్చే ఎస్టిమేట్ చీటీయా అన్నది మీరు చెప్పలేదు. చీటీ అయినా కంగారు పడకండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే, పైగా యూపీఐ చెల్లింపు, వారంటీ కార్డు, వాట్సాప్ సంభాషణ సాక్ష్యాలుగా నిలుస్తాయి. బిల్లులో వేరే గడువు లేకపోతే 30 రోజుల్లో మీకింకా పద్దెనిమిది మిగిలాయి. దుకాణదారుకు మళ్లీ ఫోన్ చేసేముందు, ఫ్రిజ్ వాపసు తీసుకుని డబ్బు ఇమ్మని తేదీ వేసిన ఉత్తరం పంపండి.