నీ ఏడో సీను గురించి

చెల్లీ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క ఊపున, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మెయిల్లో మేడమ్ అని రాశావు, అక్కా అంటే చాలు.

మాదాపూర్ లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో నలుగురు అమ్మాయిలు, వాళ్ల ఉద్యోగాలు, వాళ్లు కలిసే అబ్బాయిలు. నాకు నచ్చింది. డేటింగ్ సీన్లు ఇంకా నవ్వు పుట్టించేలా ఎలా రాయాలని అడిగావు. ముప్పై ఏళ్లుగా టీవీకి రాస్తున్నదాన్ని కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాను: వాటిని తగ్గించు. నీ 13 సీన్లలో 9 అబ్బాయి ఎదుట జరిగేవే. రెస్టారెంటు, బైకు, సినిమా హాలు. నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకునేది ఏడో సీనులో మాత్రమే. అదీ అరపేజీ.

న్యూయార్క్‌లో నలుగురు స్నేహితురాళ్ల కథ చెప్పే అమెరికన్ సీరియల్ 'సెక్స్ అండ్ ద సిటీ' చూశాకే ఈ ఆలోచన వచ్చిందన్నావు కదా, అక్కడికే వెళ్దాం. 1998 జూన్ నుంచి 2004 ఫిబ్రవరి దాకా హెచ్‌బీఓ చానల్లో ఆరు సీజన్లు, 94 ఎపిసోడ్లు. క్యాండేస్ బుష్నెల్ 'న్యూయార్క్ అబ్జర్వర్'లో రాసిన కాలమ్‌ని డారెన్ స్టార్ టీవీకి మలిచాడు. కాలమ్ రాసే క్యారీ, లాయరు మిరాండా, ఆర్ట్ గ్యాలరీలో పనిచేసే షార్లెట్, పబ్లిక్ రిలేషన్స్ సంస్థ నడిపే సమంతా. కళ్లు మూసుకుంటే నీకు ముందు ఏం గుర్తొస్తుంది? నాకు ఆ బల్ల గుర్తొస్తుంది. ముందు కాఫీ కప్పులు పెట్టుకుని, రాత్రి జరిగింది ఒకరు చెబుతుంటే మిగతా ముగ్గురు వినడం. చెప్పే మనిషి కొంత దాచుకుంటుంది, కొంత కలిపి చెబుతుంది. వినేవాళ్లలో ఒకామె వెంటనే తీర్పు చెప్పేస్తుంది, ఒకామె సిగ్గుతో ముడుచుకుపోతుంది, ఇంకొకామె మాట తన వైపు లాక్కుంటుంది. నవ్వు అక్కడ పుడుతుంది. అబ్బాయి తింగరితనం చూస్తే ఒక్కసారి నవ్వొస్తుంది. దాన్ని నలుగురు నాలుగు రకాలుగా విడమర్చుకుంటుంటే ఆ మనుషులు మనకు తెలిసినవాళ్లయిపోతారు.

మొదటి సీజన్లో క్యారీ కెమెరా వైపు తిరిగి మనతోనే మాట్లాడేది. దారినపోయేవాళ్ల అభిప్రాయాలు కూడా మధ్యమధ్య వచ్చేవి. తర్వాత అవన్నీ పోయాయి. నా లెక్కన, పక్కన వినే స్నేహితురాళ్లు కుదిరాక కెమెరాతో పని లేకపోయింది. నీ కథలో వాయిస్ ఓవర్, అంటే తెర వెనక నుంచి వినిపించే మాట, ఆరుచోట్ల ఉంది. ఒక్కొక్కటీ తీసి, అదే మాట గదిలో ఎవరితో అనొచ్చో చూడు.

2003లో వచ్చిన ఒక ఎపిసోడ్లో మిరాండాతో డేట్‌కి వచ్చినవాడు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మంటే పొద్దున్నే మీటింగుందని వెళ్లిపోతాడు. స్నేహితురాళ్లు ప్రేమకొద్దీ ఏవో కారణాలు అల్లి ఓదారుస్తారు. పక్కనే ఉన్న క్యారీ బాయ్‌ఫ్రెండ్ బర్గర్ మాత్రం, అతనికి నీ మీద అంత ఇష్టం లేదు, అంతే అనేస్తాడు. మిరాండాకి ఏడుపు రావాలి కదా? ప్రాణం హాయిగా ఉంటుంది! ఆ మాట మొదట పుట్టింది వాళ్ల రైటర్స్ రూమ్‌లోనే, కన్సల్టెంటుగా ఉన్న గ్రెగ్ బెరెంట్ నోట. అతనూ, రచయిత్రి లిజ్ టుచిలో కలిసి 2004లో దాన్నే పుస్తకం చేశారు. స్నేహితురాళ్లు మనసు నొప్పించకుండా ఆడే అబద్ధం ఎంత పెద్ద కథావస్తువో చూడు. అది నీ హాస్టల్ గదిలోనూ రోజూ జరిగేదే. నువ్వింకా దాన్ని ముట్టుకోలేదు.

ఇంకో ఎపిసోడ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2002లో వచ్చింది. ఏడన్‌తో పెళ్లి తప్పిపోయాక, క్యారీ ఉంటున్న ఫ్లాట్ అతని పేరు మీదే ఉంది. కొనుక్కోవాలి, లేదా ఖాళీ చెయ్యాలి. బ్యాంకులో ఆమెకున్నది 1,657 డాలర్లు. డబ్బంతా ఎటు పోయిందంటే, 400 డాలర్ల చెప్పులు 100 జతలు, మొత్తం 40,000. మిరాండా, సమంతా అప్పిస్తామంటారు. భర్త నుంచి విడిపోయినా నలుగురిలో నిలకడగా డబ్బున్న షార్లెట్ నోరు విప్పదు. క్యారీ ఉండబట్టలేక ఆమె ఇంటికెళ్లి అడిగేస్తుంది, నువ్వెందుకు ఇస్తాననలేదని. షార్లెట్‌కి కోపం వస్తుంది. నీ డబ్బు సంగతి చక్కబెట్టడం నా పని కాదంటుంది. ఇద్దరూ సగం తప్పు, సగం ఒప్పు. ఆ తర్వాత షార్లెట్ తన నిశ్చితార్థపు ఉంగరం తెచ్చి క్యారీ ముందు పెడుతుంది, డౌన్ పేమెంటుకి వాడుకోమని.

ఆ ఉంగరం ఒక మగవాడు ప్రేమతో తొడిగింది. ఆ కాపురం విరిగింది. అదే ఉంగరం ఇప్పుడు ఒక ఆడది ఇంకో ఆడదానికి ఇల్లు నిలబెడుతోంది. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. అసలు పట్టు మాత్రం అంతకుముందు నడిచిన గొడవలో ఉంది. స్నేహంలో అడగకూడనిది అడిగేసింది క్యారీ. అలాంటి ఘడియ రాకుండా ఉంగరం ఇప్పిస్తే అది దానధర్మం సీను అయ్యేది.

2001లో వచ్చిన, మిరాండా తల్లి చనిపోయే ఎపిసోడ్ కూడా మళ్లీ చూడు. శవపేటిక వెనక నడవాల్సినప్పుడు అక్క పక్కన బావ ఉన్నాడు, మిరాండా ఒంటరిది. నడుస్తూ ఆమె ఏడుపు ఆపుకోలేకపోతుంటే, క్యారీ తను కూర్చున్న వరస వదిలి బయటికొచ్చి పక్కన నడుస్తుంది. ఒక్క మాట లేదు. రాసింది ఇద్దరు స్త్రీలు, జూలీ రాటెన్‌బర్గ్, ఎలీసా జురిట్స్కీ. హాస్యం రాస్తున్నాం కదా అని చావుని పక్కకి నెట్టలేదు, ఆ చావు మధ్యలో లోదుస్తుల కొట్టు సీను పెట్టడానికీ జంకలేదు. చూశావా అది? అంత్యక్రియలకి బ్రా కొనుక్కోవడానికి వెళ్లిన మిరాండాని, ట్రయల్ రూమ్‌లో సేల్స్‌ అమ్మాయి దగ్గరికి తీసుకుంటుంది.

ఇదంతా ఇంత పట్టుగా చెప్పడానికి కారణముంది. ఇరవై ఏళ్ల కిందట ఒక చానల్‌కి ఇద్దరు స్నేహితురాళ్ల డైలీ సీరియల్ రాశాను. మొదటి నెల బాగా నడిచింది. తర్వాత, స్నేహితురాలు ఇంతకాలం మంచిగా ఉంటే కథ కదలదు, ఆమెని విలన్ చేయమన్నారు. చేశాను. స్నేహితురాలి మొగుణ్ణి కాజేసే మనిషిగా మార్చాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అది నిజం. ఇద్దరు మంచి ఆడవాళ్ల మధ్య కూడా నెలల తరబడి కథ నడపొచ్చని చూపించే ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది. ఆ దిగులు ఇంకా ఉంది. అందుకే నీ ఎనిమిదో సీనులో ఒకమ్మాయి ఇంకొకమ్మాయి బాయ్‌ఫ్రెండ్‌కి దొంగచాటుగా మెసేజ్ పెట్టడం చదివి పెన్సిలు పక్కన పెట్టేశాను. అది తీసెయ్. వాళ్లు పోట్లాడుకోవడానికి మగవాడు అక్కర్లేదు.

నీ అభిమాన సీరియల్‌లో లోటు కూడా చెప్పాలి. న్యూయార్క్ లాంటి ఊళ్లో కథ పెట్టుకుని నలుగురినీ తెల్లవాళ్లనే చేశారు, చుట్టూ ఉన్నదీ దాదాపు అదే లోకం. దానికి ఐదేళ్ల ముందే, 1993 ఆగస్టులో, ఫాక్స్ చానల్లో 'లివింగ్ సింగిల్' మొదలైంది. బ్రూక్లిన్‌లో నలుగురు నల్లజాతి యువతులు, 118 ఎపిసోడ్లు, సృష్టికర్త యివెట్ లీ బౌజర్. క్వీన్ లతీఫా వేసిన ఖదీజా సొంతంగా 'ఫ్లేవర్' అనే పత్రిక నడుపుతుంది. లాయరు మ్యాక్సీన్ వేరే ఇంట్లో ఉంటూ తిండికి మాత్రం వీళ్ల ఫ్రిజ్ మీదే పడుతుంది. పేర్లు మూసేసి డైలాగులు విన్నా ఎవరి మాట ఎవరిదో చెప్పెయ్యొచ్చు. నీ దాంట్లో ఒకమ్మాయిది శ్రీకాకుళం, ఇంకొకమ్మాయిది కరీంనగర్ అని మొదటి పేజీలో రాశావు. నేను పేర్లు కొట్టేసి చదివితే నలుగురూ ఒకే యాంకరమ్మలా మాట్లాడుతున్నారు. ఒక వారం హాస్టల్ మెస్‌లో కూర్చుని ఊరికే విను.

వీలుంటే 1985లో మొదలైన 'గోల్డెన్ గర్ల్స్' కూడా చూడు. మయామీలో ఒకే ఇంట్లో ఉండే ముగ్గురు నడివయసు దాటినవాళ్లు, వాళ్లతో పాటు వాళ్లలో ఒకామె కన్నతల్లి. అర్ధరాత్రి వంటింటి బల్ల చుట్టూ చీజ్‌కేక్ తింటూ మగవాళ్ల గురించి మాట్లాడుకోవడం. నీ హాస్టల్ వార్డెన్‌కి యాభై ఐదు అన్నావు. ఆవిడకీ మనసుంటుందని ఆ పక్క ఒక కన్నేసి ఉంచు.

ఇక ఏడో సీను. గది అద్దెకి తక్కువైతే కరీంనగర్ అమ్మాయి 15,000 ఇస్తుంది, రెండోది థ్యాంక్స్ చెబుతుంది, సీను ఐపోతుంది. ఆ డబ్బు దేనికోసం దాచుకుందో నువ్వు మూడో సీనులోనే చెప్పావు, చెల్లెలి ఫీజుకి. మరి తీసుకున్నమ్మాయి ఆ శనివారమే కొత్త చుడీదార్ వేసుకుని డేట్‌కి వెళితే? రాత్రి వచ్చి ఆ డేట్ సంగతులు నవ్వుతూ చెబుతుంటే, ఇచ్చినమ్మాయి నవ్వలేక నవ్వుతూ చుడీదార్ వైపు చూస్తుంటే? మిగతా ఇద్దరికీ సంగతి తెలుసు, బయటపడరు. అప్పుడే ఇంటి నుంచి ఫీజు గురించి ఫోను. డేట్ ఎలా జరిగిందో అసలు చూపించనే అక్కర్లేదు, ఆ అమ్మాయి చెప్పేదాంట్లోనే మనకు తెలిసిపోతుంది.

మళ్లీ రాసి పంపు. ఎన్ని పేజీలైనా పర్వాలేదు. ఆ 15,000 మాత్రం ఈ ఎపిసోడ్లో తీర్పించకు.

ప్రేమతో,
అక్క