హైపర్‌సోనిక్ మిస్సైల్స్ అంటున్నాడు మావాడు, ఏరోస్పేస్‌లో వేసేయాలా?

గాజువాక నుంచి ఒక నాన్నగారు రాశారు. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్, పొద్దస్తమానం ఫోన్లో హైపర్‌సోనిక్ మిస్సైల్స్ వీడియోలే, ఏరోస్పేస్ తప్ప ఇంకేం చదవనంటున్నాడంట, వీళ్ళేమో సీఎస్‌ఈ అంటున్నారు, పోనీ మెకానికల్ అయినా నయమా, రెండూ కంపేర్ చేసి చెప్పమన్నారు.

ర్యాంకులు, కట్టాఫ్‌లు మీకు నాకంటే బాగా తెలుసు, వదిలేద్దాం. ఆ వీడియోల్లో "దీన్ని ఎవడూ ఆపలేడు" అంటారు చూడండి, నాకు అక్కడే డౌట్. తమ కింజాల్ మిస్సైల్ గురించి రష్యా వాళ్ళూ అలాగే అన్నారు, 2023 మేలో ఉక్రెయిన్‌లో కీవ్ దగ్గర దాన్ని అమెరికా వాళ్ళ పేట్రియాట్ డిఫెన్స్ సిస్టమ్ కూల్చేసింది. మాక్ 5, అంటే శబ్దానికి ఐదింతల స్పీడు, దాటితే హైపర్‌సోనిక్, అగ్ని లాంటి బాలిస్టిక్ మిస్సైల్స్ ఎప్పట్నుంచో అంతకంటే స్పీడుగానే పోతున్నాయి. కొత్త సంగతల్లా కిందగా, గాలిలోనే పోతూ దారి మార్చుకోవడం, దాంతో నేలమీది రాడార్‌కి ఆలస్యంగా కనబడతాయి, అది మాత్రం నిజం. కానీ మలుపు తిరిగిన ప్రతిసారీ స్పీడు పోతుంది, ఒళ్ళు వెయ్యి డిగ్రీలు దాటి కాగుతుంది, అంత కాగింది పైనున్న ఇన్‌ఫ్రారెడ్ శాటిలైట్‌కి ఆకాశదీపంలా కనబడదా?

బయటి గాలినే పీల్చుకుని ఫ్యూయెల్ మండించే స్క్రామ్‌జెట్ ఇంజిన్ అయితే ఇంకా కష్టం, ఇంజిన్ లోపల కూడా గాలి సూపర్‌సోనిక్‌లో, అంటే శబ్దం కంటే స్పీడుగా, పోతుంటే ఫ్యూయెల్ కలిసి మండాలి, అదీ మిల్లీసెకన్లలో, గాలిలో దీపం అంటామే సరిగ్గా అదే. 2020 సెప్టెంబర్ 7న మనవాళ్ళు ఒడిశా తీరంలో హెచ్‌ఎస్‌టీడీవీ అనే స్క్రామ్‌జెట్ టెస్ట్ వాహనాన్ని ఎగరేస్తే ఇంజిన్ మండింది 20 సెకన్ల పైచిలుకు, అదే పెద్ద విజయం. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్ళ మిస్సైల్ ల్యాబ్ డీఆర్‌డీఎల్‌లో నేలమీద టెస్టులో 1000 సెకన్లు దాటించారు. ఇందులో కష్టం ఎవరిదనుకున్నారు, వేడి లెక్కలేసే మెకానికల్ వాళ్ళది, సెరామిక్ పూత చేసే మెటీరియల్స్ వాళ్ళది, ఫ్యూయెల్ తయారుచేసే కెమికల్ వాళ్ళది కూడా.

అందుకే బ్రోషర్ మీద మిస్సైల్ బొమ్మేసి లక్షలు అడిగే కాలేజీలంటే నాకు నమ్మకం తక్కువ. నమూనాల మీదకి గాలి వదిలి పరీక్షించే విండ్ టనెల్ ఉందా, ఉంటే పిల్లల్ని ముట్టుకోనిస్తారా, ముందు అది అడగండి. ఒక్క ముక్కలో అయితే నా ఓటు మెకానికల్‌కి, గేట్ రాసి డీఆర్‌డీఓ వైపు పోవచ్చు, అది రాకపోయినా రోడ్డున పడడు.

ఇంక మీ సంగతి. అంత పెద్ద మెయిల్‌లో వాడికి లెక్కలు ఎలా వస్తాయో ఒక్క ముక్క లేదు, పక్కింటబ్బాయి బెంగళూరు ప్యాకేజీ మాత్రం రెండుసార్లుంది! మీ భయం ఏరోస్పేస్ గురించి కాదండీ, పదిమందిలో ఏం చెప్పుకోవాలా అని. మన ఊళ్ళోనే ఎన్‌ఎస్‌టీఎల్ అనే ల్యాబ్ ఉంది, అదీ డీఆర్‌డీఓనే, నీళ్ళలో దూసుకుపోయే టార్పెడోల మీద పనిచేస్తారు, ఈ సంగతి వాడికి ఎప్పుడైనా చెప్పారా?

వాడేం చెడిపోలేదు, ఫోన్లో రీల్స్ చూసే వయసులో ఇంజిన్ చూస్తున్నాడు. ఈ ఆదివారం బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరీన్ చూపించి, మలుపులో స్పీడు ఎందుకు పోతుందిరా అని మెల్లగా అడగండి. ఏం చెప్పాడో నాకు రాయండి, సీఎస్‌ఈ గొడవ అప్పుడు చూద్దాం.