మెర్సిడెస్: కారు పేరా, ఆడపిల్ల పేరా?

సందేహం: మెర్సిడెస్ స్పానిష్ ఆడపేరని ఎక్కడో చదివాను. కారేమో జర్మనీది. పైగా స్పానిష్ ఆడపేర్లకి మామూలుగా ఉండే 'ఆ' కూడా చివర లేదు. ఇది ఆడవాళ్ల పేరెలా అయింది? తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: ఆడపేరే. కారుకి ఆ పేరు వచ్చింది ఒక అమ్మాయి వల్లే. జర్మనీ కంపెనీ డైమ్లర్ కార్లు అమ్మే ఎమిల్ యెల్లినెక్ అనే ఆస్ట్రియా వ్యాపారికి 1889లో పుట్టిన కూతురి పేరది. కంపెనీ దాన్ని 1902లో ట్రేడ్‌మార్క్ చేసుకుంది. 'బెంజ్' వచ్చి కలిసింది 1926లో.

పేరు మాత్రం స్పెయిన్‌దే. పూర్తి రూపం 'మరియా దె లాస్ మెర్సేదెస్', అంటే అనుగ్రహాల మరియ మాత. 'మెర్సేద్' అంటే అనుగ్రహం, మెర్సేదెస్ దాని బహువచనం. మూలమైన లాటిన్ మాటకి అర్థం కూలి, ప్రతిఫలం. కూలి కాస్తా దయగా మారడం తమాషానే! బందీలను విడిపించడానికి 1218లో బార్సెలోనాలో పుట్టిన సన్యాసుల సంఘం ఈ మాత పేరు మీదే నడిచింది. అక్కడ ఇప్పటికీ సెప్టెంబరు 24న ఆమె పండుగ చేస్తారు. బార్సెలోనా ప్రాంతపు కతలాన్ భాషలో ఈ పేరు 'మెర్సే'; స్పానిష్ ముద్దుపేరు 'మెర్చె'.

ఇక చివరి అక్షరం సంగతి. ముందున్న 'మరియా'ని పలకడం మానేసినా పేరు ఆమెదే కాబట్టి స్త్రీలింగమే. దొలోరెస్ (వేదనలు), పిలార్ (స్తంభం) కూడా ఇలా మాత బిరుదుల్లోంచి వచ్చినవే. రొసారియో (జపమాల) అయితే పురుషలింగపు 'ఓ'తో ముగుస్తుంది, అయినా ఆడవాళ్లు పెట్టుకుంటారు. మనకి భాగ్యం, మాణిక్యం లేవూ?

ఈ 'మెర్సేద్'కి ఇంకో ముఖ్యమైన సంతానం ఉంది. పెద్దవాళ్లని 'వుయెస్త్రా మెర్సేద్' (తమ అనుగ్రహం) అనేవారు. అది నలిగి నలిగి 'ఉస్తేద్' అయింది. నేటి స్పానిష్‌లో ఒకరిని మర్యాదగా 'మీరు' అనే మాట ఇదే. అందుకే దానికి ప్రథమ పురుష క్రియ వస్తుంది, 'ఏలినవారు సెలవిస్తారా' అన్నట్టు.

రాయడానికి, కారుకి వాడుకలో ఉన్న 'మెర్సిడెస్' చాలు. మనిషికైతే 'మెర్సేదెస్' మేలు; స్పానిష్ ధ్వని మన 'ద'కే దగ్గర. స్పెయిన్‌లో చాలాచోట్ల 'మెర్థేదెస్' అంటారు గానీ లాటిన్ అమెరికాలో 'సే'యే. అర్జెంటీనా గాయని మెర్సేదెస్ సోసాని అలాగే రాయండి. స్పానిష్‌లో కారు పురుషలింగం, 'ఎల్ మెర్సేదెస్'. తెలుగులో 'మెర్సిడెస్ వచ్చింది' అంటే కారో, అమ్మాయో తేలదు. 'గారు' చేరిస్తే ఆ చిక్కుండదు.