సముద్రం పక్కనే ఉన్నా ఈ మసి ఏమిటి?

ప్రశ్న: మాది విశాఖ జ్ఞానాపురం. సముద్రాన్ని ఇంత దగ్గర్లో పెట్టుకుని గాలి బాగోలేదంటే మా చుట్టాలు నవ్వుతారు. కానీ ఎండాకాలంలో డాబా మీద వడియాలు పెడితే సాయంత్రానికి మిరియాల పొడి చల్లినట్టు నల్లగా తయారవుతాయి. చలికాలంలో ఆ నలుపు కాస్త తగ్గుతుంది గానీ మా అత్తగారికి దగ్గు మొదలవుతుంది. ఆవిడేమో తాజా గాలి అంటూ తెల్లవారుజామున ఐదింటికే వాకింగ్‌కి బయల్దేరతారు. ఈ తేడా ఎందుకు? ఆవిడ అలా వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ చుట్టాల్ని ఒకసారి కైలాసగిరి ఎక్కించి ఊరు చూపించండి. ఉత్తరాన కైలాస కొండల వరస, దక్షిణాన యారాడ కొండ, దాని కొసన డాల్ఫిన్స్ నోస్, మధ్యలో గిన్నెలా పల్లం. బౌల్ ఏరియా అని మీ ఊళ్లో అందరూ అనేది దీన్నే. పాత ఊరు, రేవు, రైల్వే స్టేషన్, ఫ్యాక్టరీలు, మీ ఇల్లు, అన్నీ ఆ గిన్నెలోనో దాని అంచునో ఉన్నాయి. 1933లో రేవు మొదలైనప్పుడు ఈ కొండ చాటు ఒక వరం, ఓడలకి తుఫాను గాలి నుంచి కాపుదల. ఆ కొండలే ఇప్పుడు పొగని ఊరు దాటి సులువుగా పోనివ్వట్లేదు.

ఇక సముద్రం సంగతి. పగలు నేల వేడెక్కితే గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వస్తుంది, రాత్రి నేల చల్లబడితే ఊళ్లోంచి సముద్రం మీదకి పోతుంది. రాత్రి అలా పోయిన పొగ అక్కడే కరిగిపోతుందనుకుంటాం, కానీ అందులో కొంత మర్నాడు సముద్రపు గాలితో మళ్లీ ఇంటికే వస్తుంది. అంటే సముద్రం చీపురు కాదండీ, చాలా రోజులు ఉయ్యాలలా ఊపుతుందంతే.

ఎండాకాలంలో దీనికి నైరుతి గాలి జోరు తోడవుతుంది. వర్షం లేక ఆరిపోయిన రేవు దగ్గరి బొగ్గు, ఇనుప ఖనిజం కుప్పల మీదుగా, రోడ్ల మీదుగా వీచే గాలి ముతక ధూళిని లేపి తెస్తుంది. మీ వడియాల మీద కనబడేది ఎక్కువగా అదే. ఏ కుప్పది, ఎవరిది అని డాబా మీద నలుపు చూసి చెప్పలేం, దానికి ధూళిని ల్యాబ్‌లో పరీక్షించాలి. జూన్‌లో వానలు పడ్డాక గాలి కాస్త కడిగినట్టవుతుంది.

చలికాలం కథ వేరు, నా లెక్కన ఇదే ఎక్కువ ప్రమాదం. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, నేలని ఆనుకున్న గాలి చల్లగా బరువుగా కింద ఉండిపోతుంది, దాని పైన వెచ్చటి గాలి పొర. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సిన గాలి ఇక్కడ తిరగబడుతుంది కాబట్టి గిన్నె మీద మూత పెట్టినట్టే. రాత్రి లారీల పొగ, చలిమంటలు, చెత్త తగలబెట్టిన పొగ, అన్నీ ఆ మూత కిందే. ఇందులో ఎక్కువ భాగం పీఎం 2.5 అనే సన్నటి ధూళి, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. బట్టల మీద కనబడదు, ఊపిరితిత్తుల్లో మాత్రం లోతుకి పోతుంది. వడియాలు తెల్లగా ఉన్నాయని గాలి బాగుందనుకోకండి.

ఎండెక్కి నేల వేడెక్కితే గానీ ఆ మూత లేవదు. పైగా ఎనిమిది, తొమ్మిదింటికి స్కూలు బస్సులు, ఆఫీసు బళ్లు కలుస్తాయి. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో అత్తగారి వాకింగ్‌ని సాయంత్రం నాలుగింటికి మార్చండి. ఫోన్‌లో చూపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) ఒక్కటే నమ్మి పంపకండి, మన దేశపు లెక్కలో అది ధూళికి 24 గంటల సగటు, తెల్లవారుజామున మూత కింద ఎంత చిక్కగా ఉందో అందులో కనబడదు. దగ్గు రెండు వారాలు దాటితే గాలి మీద తోసేసి ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: మేం ఢిల్లీలో ఉంటున్న తెలుగువాళ్లం. మూత విశాఖలోనూ ఉంటే ఇక్కడంత ఘోరం అక్కడెందుకు లేదు?

జవాబు: మీకు పగటిపూట వచ్చి కలియబెట్టే సముద్రపు గాలి లేదు. విశాఖలో సముద్రం వల్ల రాత్రుళ్లు మరీ చల్లబడవు, మూత పలచగా ఉండి పొద్దెక్కగానే విడిపోతుంది. మీ దగ్గర హిమాలయాల కింద మైదానంలో గాలి పెద్దగా కదలదు, చలి ఎక్కువ, మూత బాగా కిందకి దిగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయవ్యం నుంచి వీచే పలచటి గాలి పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యలు కాల్చిన పొగని మోసుకొస్తుంది. దానికి దీపావళి తోడు. ఆ రెండు నెలలూ పిల్లల్ని పొద్దున్నే ఆటలకి పంపకుండా మధ్యాహ్నం పంపండి, అదీ ఏక్యూఐ 200 లోపు ఉన్న రోజునే.