పాత ఎయిర్‌ఫిక్స్ రైలింజన్ కిట్లు దొరికితే తయారు చేయాలా, అలాగే దాచాలా?

గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఇంగ్లండ్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చిన మీ పెదనాన్నగారి ట్రంకుపెట్టెలో ఇంకా విప్పని రైలింజన్ ప్లాస్టిక్ కిట్లు దొరికాయని, తయారు చేయమంటారా దాచమంటారా, చేస్తే పట్టాల మీద నడుస్తాయా అని అడిగారు కదండీ. నాది విజయవాడ సత్యనారాయణపురం. ఈ పిచ్చి నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉంది, కాబట్టి తెలిసింది చెప్తాను.

తయారు చేసేయండి. ఒక్కటే మినహాయింపు, డబ్బా మీద కిట్‌మాస్టర్ అన్న పేరుంటే మాత్రం ఆగండి.

ఎందుకంటే, కిట్‌మాస్టర్ అనేది రోజ్‌బడ్ అనే బొమ్మల కంపెనీ 1959లో మొదలుపెట్టిన బ్రాండు. ఆడపిల్లలు ఆడుకునే బొమ్మలు చేసే కంపెనీ రైలింజన్ల వైపు రావడమే ఒక వింత. మూడు నాలుగేళ్లు నడిచాక 1962 చివర్లో ఆ అచ్చులన్నీ ప్లాస్టిక్ మోడల్ కిట్లు చేసే ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ కొనేసింది, వాటిలో కొన్నిటినే తన పేరుతో తీసింది. 1981లో ఎయిర్‌ఫిక్స్ దివాలా తీసింది, అచ్చులు పాలిటాయ్ అనే ఇంకో కంపెనీ చేతికి, ఎనభైల మధ్యలో అక్కణ్ణుంచి డాపోల్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. స్టీఫెన్సన్ రాకెట్, చిన్న పగ్ ఇంజన్, ఈవెనింగ్ స్టార్ లాంటి ఇంజన్ల కిట్లు ఆ పాత అచ్చుల్లోంచి వచ్చినవే, డాపోల్ పేరుతో మొన్నమొన్నటి దాకా కొత్తవే దొరికాయి. అంటే మీ దగ్గరున్నది ఎయిర్‌ఫిక్స్ సంచీ అయితే లోపలి ప్లాస్టిక్‌లో అరుదైనదేమీ లేదు, పైన పిన్ను కొట్టిన బొమ్మ కాగితానికే కలెక్టర్లు డబ్బులిచ్చేది. ఆ కాగితం జాగ్రత్తగా విప్పి ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని కిట్ చేసుకోండి, రెండూ మిగులుతాయి. కిట్‌మాస్టర్ డబ్బా, లోపల సూచనల కాగితం, ఫ్రేముల నుంచి తుంచని ముక్కలు అన్నీ ఉంటే అది వేరే సంగతి, దాన్ని అలాగే ఉంచి ఇంకొకటి చేసుకోవడమే నయం.

"డబ్బాలో భద్రంగా ఉంటుంది" అనే మాట మన ఊళ్లలో నేను ఒప్పుకోను. చలిదేశంలో అటక మీద అరవయ్యేళ్లు ఉన్నట్టు కృష్ణా ఒడ్డున ఉండదు. చెదలు, కాగితం తినే పురుగులు, వానాకాలం బూజు, ఇవన్నీ ముందు అట్టపెట్టె పని పడతాయి. మే నెలలో డాబా పైగదిలో రేకు ట్రంకుపెట్టెలో పెడితే బోగీ పైకప్పు లాంటి పొడుగాటి పల్చటి ముక్కలు వంకర తిరిగే ప్రమాదం ఉంది. అక్షరాలూ నంబర్లూ ఉండే, నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్స్ ఎలాగూ పసుపు పచ్చగా మారి ఉంటాయి. వాటిని పారేయకండి, కిటికీ అద్దానికి లోపలివైపు కొన్నాళ్లు అంటించి ఎండ తగలనిస్తే పసుపు చాలావరకు పోతుంది. తర్వాత నీళ్లలో వేసే ముందు పైన పల్చగా క్లియర్ వార్నిష్ కొట్టాలి, లేకపోతే నీళ్లలో పడగానే ముక్కలు ముక్కలైపోతాయి.

ఇక గమ్ సంగతి, దీనికే ఎక్కువ మంది దెబ్బ తింటారు. ఈ కిట్లు పాలీస్టైరీన్. ఫెవికాల్ దానికి పట్టదు. ఫెవిక్విక్ పడుతుంది కానీ చిన్న తాకిడికే పుటుక్కున ఊడుతుంది, పైగా మన ఉక్కకి దాని ఆవిరి పక్కనున్న కిటికీ అద్దం ముక్క మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది, అది పోగొట్టడం నరకం. కావలసింది ప్లాస్టిక్ సిమెంట్, అంటే ప్లాస్టిక్‌నే కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసే ద్రావకం. టమియా ఎక్స్‌ట్రా థిన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ముక్కలు రెండూ కలిపి పట్టుకుని సందు దగ్గర బ్రష్ ఆనిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. వేసవిలో చిక్కేంటంటే ఫ్యాన్ వేస్తే గమ్ క్షణంలో ఆరిపోతుంది, ఫ్యాన్ ఆపితే మనం ఉడికిపోతాం. తెల్లవారుజామున కూర్చోవడమే నేను కనిపెట్టిన ఉపాయం. మా ఆవిడ దాన్ని ఉపాయం అనదు లెండి.

అతికించే ముందు ఫ్రేములన్నీ గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడగండి, అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు ఇంకా ఉంటుంది, అది ఉంటే రంగు నిలవదు. ముక్కల్ని చేత్తో విరవకుండా మంచి కట్టర్‌తో కత్తిరించి, మిగిలిన బుడిపెని సన్న ఎమరీ పేపర్‌తో రుద్దాలి. పాత అచ్చులు కాబట్టి అంచుల వెంట పల్చటి ప్లాస్టిక్ రేకులా పొంగి ఉంటుంది, దాన్ని బ్లేడుతో గీకేయాలి. బాయిలర్ రెండు సగాలు కలిసే గీత కనిపిస్తుంటే పుట్టీ పెట్టి రుద్దండి, ఇంజన్ అందమంతా అక్కడే ఉంది. రంగుకి ఆటోనగర్‌లో కార్లకి కొట్టేవాళ్లని అడుగుదామని చాలామందికి అనిపిస్తుంది, వద్దు. వాళ్లు వాడే ఎన్సీ థిన్నర్ పాలీస్టైరీన్‌ని తినేస్తుంది. హంబ్రాల్ ఎనామెల్ గానీ మోడళ్ల కోసం చేసే యాక్రిలిక్ గానీ వాడండి. స్ప్రే ప్రైమర్ కొట్టాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కొట్టుకోండి, వాన రోజున కొడితే పొర తెల్లగా పాలిపోతుంది.

నడుస్తుందా అని అడిగారు. చక్రాలు తిరుగుతాయి, మోటారు ఉండదు. కిట్‌మాస్టర్ వాళ్లే అప్పట్లో మోటారు ఉన్న చక్రాల చట్రం, మోటారు పెట్టిన చిన్న గూడ్స్ పెట్టె విడిగా అమ్మారు, ఆ పెట్టె ఇంజన్ని వెనకనుంచి నెడుతూ ఉంటే ఇంజనే లాగుతున్నట్టు కనిపించేది. ఇప్పుడవి దొరికినా ధర చూస్తే గుండె ఆగుతుంది. షెల్ఫులో పెట్టుకోవడానికే చేయండి. నడిపించాలని ఉంటే 12 వోల్టుల డీసీ మీద నడిచే పాత ట్రయాంగ్ లేదా హార్న్‌బీ కంపెనీ బొమ్మ ఇంజన్ ఒకటి కొనుక్కుని, మీ కిట్ బోగీల్ని దాని వెనక తగిలించండి.

మా వీధిలో లోకోషెడ్‌లో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు, డబ్ల్యూపీ అనే బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా మొదలుపెట్టిన మనిషి. నా ఈవెనింగ్ స్టార్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇంత ఒళ్లుకి ఈ చక్రాల సందేంట్రా, మీటర్‌గేజ్ బండి మీద బ్రాడ్‌గేజ్ బాయిలర్ పెట్టినట్టుంది" అన్నారు. ఆయన కన్నుకి దండం పెట్టాలి, నిజంగానే అది తేడా. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి, హెచ్ఓ స్కేల్‌లో అంటే 87వ వంతుకి తగ్గిస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని ఒళ్లుని 76వ వంతుకి పెంచి, పట్టాల మధ్య వెడల్పు మాత్రం హెచ్ఓలో ఉన్న పాత 16.5 మిల్లీమీటర్లే ఉంచేశారు. అదే ఓఓ అనే కొలత. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, దాన్ని 76వ వంతు చేస్తే 22 రావాలి, కాబట్టి ఆ పట్టాల మీద విజయవాడ జంక్షన్ కడదామంటే ఎప్పుడూ ఏదో ఇరుకుగానే కనిపిస్తుంది. గుంటూరు వాళ్లకి ఇందులో ఒక సుఖముంది, మాచర్ల లైను ఒకప్పుడు మీటర్‌గేజే కదా. హెచ్ఓ కొలతకి 12 మిల్లీమీటర్ల పట్టాలు వేస్తే మీటర్‌గేజ్ దాదాపు సరిగ్గా కుదురుతుంది. వైపీ అనే మన మీటర్‌గేజ్ ఆవిరి ఇంజన్ కిట్ మాత్రం అంగట్లో దొరకదు, ప్లాస్టిక్ షీట్ కోసి సొంతంగా చేసుకోవలసిందే. అందులోకి దిగితే మాత్రం ఇంట్లో వాళ్ల సంగతి మీరే చూసుకోవాలి.

ఇంజన్ కంటే ముందు ఏదైనా భవనం కిట్‌తో చెయ్యి తిరగనివ్వండి. ఎయిర్‌ఫిక్స్ సిగ్నల్ కేబిన్ మంచిది, ఇంగ్లండ్‌లో ఓక్‌హామ్ స్టేషన్ దగ్గరున్న నిజమైన కేబిన్ చూసి చేసిన నమూనా అది, నిజమైనది కూడా ఇంకా నిలబడే ఉంది.

పోగేయడం మొదలుపెట్టాలనుకుంటే ఖర్చు గురించి ముందే చెప్తున్నా. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. ఈబేలో ధర చూసి మురిసిపోయి ఆర్డర్ పెట్టకుండా పార్సిల్ ఖర్చు, పన్ను అన్నీ లెక్కేసుకోండి. వచ్చీపోయే చుట్టాలతో చిన్న సంచీ కిట్లు తెప్పించుకోవడమే నాకు ఇప్పటిదాకా కలిసొచ్చింది. లోహపు పోతపోసిన పాత ఇంజన్లు కొనేటప్పుడు ఒంటి మీద సన్న పగుళ్లు, ఉబ్బు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. కల్తీ జింకుతో పోసిన వాటికి లోపల్నుంచే పొడైపోయే జబ్బు ఉంటుంది, తేమ తగిలితే ఇంకా త్వరగా పెరుగుతుంది, దానికి మందు లేదు.

మన జిల్లాల్లో అమెరికాలో చుట్టం లేని ఇల్లు తక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. అక్కణ్ణుంచి ఎవరైనా రైలు సెట్టు తెస్తే దాని ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులదై ఉంటుంది, మన 230 ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, వెనక రాసింది చదివాకే పెట్టండి.

మీ డబ్బాల పైభాగం, పక్కనున్న నంబరు, లోపలి ఫ్రేములు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, ఏది విప్పొచ్చో ఏది వద్దో చూసి చెప్తాను.